ఆకురాయికీ కంప్యూటర్‌కీ నడుమ: డై గ్రైండర్ రోజుల జ్ఞాపకాలు

1980లలో హైదరాబాదు బాలానగర్‌లో చిన్న డై షాపు (డై అంటే ప్లాస్టిక్‌కో లోహానికో రూపం ఇచ్చే ఉక్కు అచ్చు) అంటే ఒక లేతు, ఒక మిల్లింగ్ మెషీను, ఒక సర్ఫేస్ గ్రైండరు, వాటన్నిటికంటే పొడుగైన ఫిట్టర్ల బల్ల. మెషీన్లు ఉక్కు దిమ్మను సమతలంగా, మూలమట్టంగా తయారు చెయ్యగలిగేవి గాని, ఆ దిమ్మలో మిక్సీ అడుగుభాగపు వంపునో, టెలిఫోను రిసీవరు నడుము సన్నదనాన్నో తేవలసిన పని చివరకు ఆ బల్ల దగ్గర నిలబడిన మనిషి చేతికే వచ్చేది. ఆ చేతిలో ఉండేది డై గ్రైండర్, అంటే చేత్తో పట్టుకుని నడిపే, చాలా వేగంగా తిరిగే చిన్న యంత్రం. దాని కొలెట్‌లో, అంటే ముందున్న బిగింపు మూతిలో, బిగించి ఉండేది కార్బైడ్ బర్, చుట్టూ పళ్ళున్న చిన్న గట్టి కోత పనిముట్టు. ఐటీఐలో ఫిట్టరు కోర్సు పూర్తి చేసి నేను ఆ బల్ల దగ్గర అప్రెంటిస్‌గా చేరేనాటికి మా షాపులో ఆకురాళ్ళ పెత్తనం ఇంకా పూర్తిగా పోలేదు. నేను ఆ వృత్తి విడిచిపెట్టేనాటికి బర్ చేసే పనిలో పెద్ద భాగాన్ని కంప్యూటరు మెషీన్లు తీసుకున్నాయి. ఆ రెండింటి నడుమ సాగిన కాలాన్ని దగ్గరి నుంచి చూశాను కనుక, చేతికీ చెవికీ ఇంకా గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

బాలానగర్‌కు ఈ పని ఊరికే రాలేదు. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది. చుట్టూ ఉన్న పెద్ద ప్రభుత్వ కర్మాగారాలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు వరసగా వెలిశాయి. ఆ షెడ్లలో పనిచేసేవారిలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవారూ, వరంగల్లు, కరీంనగరాల నుంచి వచ్చినవారూ, పాతబస్తీ నుంచి సైకిళ్ళ మీద వచ్చే ఉర్దూ మాట్లాడే ఉస్తాదులూ ఉండేవారు. మా మేస్త్రీ గారిది వరంగల్లు వైపు. ఆయన డ్రాయింగును ఎంతసేపు చూసేవారో, ఉక్కును అంతకంటే ఎక్కువసేపు చూసేవారు.

వంపులున్న డై తయారీ మా దగ్గర ఉక్కుతో కాదు, చెక్కతో మొదలయ్యేది. తయారు కావలసిన వస్తువు రూపాన్ని ముందు టేకులోనో ఆరల్డైట్ అనే గట్టిపడే జిగురు పోతలోనో నమూనాగా చేసేవారు. కాపీ మిల్లింగ్ మెషీను మీద ఒక పక్క ఆ నమూనాను, మరో పక్క ఉక్కు దిమ్మను బిగిస్తే, మెషీను తాలూకు మొద్దుబారిన వేలు నమూనా మీద పాకుతూ పోయేకొద్దీ, గుండ్రటి ముక్కున్న కట్టరు అదే దారిలో ఉక్కును తొలుచుకుంటూ పోయేది. పని ముగిశాక దిమ్మలో కావలసిన రూపం కనిపించేది గాని, దాని ఒంటి నిండా దున్నిన చేలో మాదిరిగా చాళ్ళు ఉండేవి. ఆ చాళ్ళ గట్లను కోసి, లోతు మాత్రం ఎక్కడా పెరగకుండా, మొత్తాన్ని ఒకే వంపుగా కలపడం ఫిట్టరు పని. అంటే బర్ బిగించిన ఆ డై గ్రైండరే రెండు చివర్లా ఉండేది: నమూనా చేసేటప్పుడు చెక్క మీద, డై ముగించేటప్పుడు ఉక్కు మీద.

మా కంటే ముందు తరం వారు ఈ చాళ్ళను ఉలితో కొట్టి, వంకర ముక్కు రిఫ్లర్ ఆకురాళ్ళతో రాకి, స్క్రేపరుతో గీకి తీసేవారు. చిన్న డైకి కూడా వారాలు పట్టేదని మేస్త్రీ గారు చెబుతూ ఉండేవారు. ఆ తరవాత షాపులోకి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ వచ్చింది. పైన దూలానికి వేలాడే మోటారు నుంచి రబ్బరు తొడుగులో తిరిగే తీగ కిందికి వచ్చి, చేతిలోని పిడిని తిప్పేది. దానిలో చిక్కు ఏమిటంటే, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే మామూలు ఇండక్షన్ మోటారు నిమిషానికి 3,000 చుట్లకు మించి తిరగలేదు. పుల్లీలు వేసి వేగాన్ని కొంత పెంచినా, తీగ వేడెక్కి కంపించేది. కార్బైడ్‌కు ఆ వేగం చాలదు. తక్కువ వేగంలో దాని పళ్ళు కొయ్యవు, ఎగిరి ఎగిరి పడతాయి. అలా ఎగిరిపడిన ప్రతిసారీ పళ్ళ కొసలు పెళుసుగా రాలిపోతాయి. అందువల్ల ఆ యంత్రం మీద హైస్పీడ్ స్టీల్ అనే రకం ఉక్కు బర్లే వాడేవారు. బ్రష్‌లున్న మోటారుతో నిమిషానికి 25,000 చుట్లు దాటి తిరిగే పొడుగుపాటి కరెంటు డై గ్రైండరూ, గాలి ఒత్తిడితో నడిచే చిన్నదీ వచ్చాకనే కార్బైడ్ బర్‌కు మా బల్ల మీద చోటు దొరికింది.

బర్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారెవరైనా దాని బరువుకు ఆశ్చర్యపోతారు. బొటనవేలి గోరంత తల, దాని కింద 6 మిల్లీమీటర్ల ఉక్కు కాడ. అయినా ఆ తల అదే పరిమాణంలో ఉన్న ఉక్కుకు దాదాపు రెట్టింపు తూగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ 2,800 డిగ్రీల సెల్సియస్ దాకా కరగని పదార్థం. కాబట్టి దాన్ని ఇనుములాగా పోతపోసి రూపం ఇవ్వడం కుదరదు. మెత్తటి పొడిగా చేసి, పది శాతం లోపు కోబాల్టు పొడి కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1,400 డిగ్రీల వేడిలో ఉంచితే, కోబాల్టు కరిగి ఆ గట్టి రేణువులన్నిటినీ పట్టి బంధిస్తుంది. బెర్లిన్‌లో బల్బుల కంపెనీ ఒస్రామ్‌లో పనిచేసిన కార్ల్ ష్రోటర్ ఈ పద్ధతికి 1923లో పేటెంటు కోరాడు. బల్బులలో వాడే టంగ్‌స్టన్ తీగను సాగదీయడానికి వజ్రపు అచ్చులకు బదులు ఏదైనా చవకగా దొరుకుతుందా అన్నది వారి వెతుకులాట. ఆ దశాబ్దం చివర్లో క్రుప్ కంపెనీ దాన్ని విడియా పేరుతో అమ్మకానికి తెచ్చింది. మా బాలానగర్‌లో ఏ కంపెనీ కార్బైడ్‌నైనా అందరూ విడియా అనే అనేవారు.

ఆ గట్టి తలను ఉక్కు కాడకు అతికించడం వెండి కలిసిన లోహాన్ని కరిగించి అతికే బ్రేజింగుతో జరుగుతుంది. బర్ వేడెక్కి తల మొదలు నీలంగా మారితే అతుకు మెత్తబడి, తిరుగుతూ ఉండగానే తల ఊడి ఎగిరిపోగలదు. పక్కషాపులో అలా ఎగిరిన తల రేకు గోడకు సొట్ట పెట్టడం నేను చూశాను. అందుకే మేస్త్రీ గారు కాడను కొలెట్‌లోకి వెళ్ళగలిగినంత లోపలికి తోసి, బయట కాస్త మాత్రమే కనిపించేలా బిగించమనేవారు. లోతైన గుంటల కోసం 150 మిల్లీమీటర్ల పొడుగు కాడలతో వచ్చే బర్ల సంగతి వేరు: వాటిని గాలిలో పూర్తి వేగంతో తిప్పితే కాడ వంగిపోతుంది. వాటి తలను ముందు గుంటలో పెట్టి, ఉక్కుకు ఆనించాక మాత్రమే, తగ్గించిన వేగంతో మీట నొక్కాలి. తీసేటప్పుడు కూడా ముందు ఆపాలి, తరవాతనే బయటికి తేవాలి.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో పనిముట్ల దుకాణాల వీధి ఉండేది, ఇప్పటికీ ఉంది. కొత్త బర్ కావాలంటే అక్కడికి వెళ్ళేవాళ్ళం. గాజు బల్ల కింద చిన్న ప్లాస్టిక్ గొట్టాలలో ఒక్కొక్కటిగా పెట్టి ఉండేవి. బంతి, స్తంభం, గుండుముక్కు స్తంభం, కోడిగుడ్డు ఆకారం, మంట ఆకారం, శంఖువు, తలకిందుల శంఖువు. పెట్టెల మీద ఎస్ఏ, ఎస్సీ, ఎస్‌డీ, ఎస్ఈ అంటూ ఒక్కో ఆకారానికి ఒక్కో గుర్తు ఉండేది గాని, మా వాళ్ళు దుకాణంలో ఆ అక్షరాలు ఎత్తేవారు కాదు. చూపుడు వేలితో గాజు మీద తట్టి చూపేవారు. నా వరకు చెప్పాలంటే, ఒకటే బర్ ఉంచుకొమ్మంటే 12 మిల్లీమీటర్ల గుండుముక్కు స్తంభమే ఉంచుకుంటాను. దాని పక్కతో తిన్నని గోడనూ, ముక్కుతో అడుగు మూలనూ కొయ్యవచ్చు. బంతి ఆకారం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గాని, కొత్తవాడి చేతిలో అది గుంటలు తవ్వుతుందే తప్ప వంపు తియ్యదు.

ఆకారం కంటే ముఖ్యమైనది పళ్ళ తీరు. ఒకే దిక్కుగా మెలితిరిగిన పళ్ళున్నది సింగిల్ కట్; దానికి అడ్డంగా మరో వరస గాట్లు కూడా పడ్డది డబుల్ కట్; పళ్ళ మధ్య లోతైన కాలువలున్నది అల్యూమినియం కోసం. సింగిల్ కట్ బాగా కోస్తుంది కానీ ఒక పక్కకు గట్టిగా లాగుతుంది. డబుల్ కట్‌లో అడ్డగాట్లు రజనును ముక్కలు చేస్తాయి కనుక చేతికి అదుపు చిక్కుతుంది. మా డై ఉక్కుకు అదే వాడేవాళ్ళం. డబుల్ కట్‌ను అల్యూమినియం మీద పెడితే మాత్రం క్షణంలో పళ్ళన్నీ పూడుకుపోయి, బర్ నున్నటి వెండిగుండులా మెరుస్తుంది. వెడల్పు కాలువల బర్‌కు కూడా మధ్యమధ్య కొవ్వొత్తి ముక్క రాయడమో, కిరసనాయిలు చుక్క వెయ్యడమో తప్పదు. అరిగిన బర్‌కు మాలాంటి షాపులో మళ్ళీ పదును పెట్టే ఆశ ఎవరూ పెట్టుకోకూడదు. లేతు టూలు విడియా ముక్కకైతే పచ్చరాయి మీద పదును వస్తుంది గాని, మెలికపళ్ళ బర్‌కు ఆ దారి లేదు. అందువల్ల అరిగినవాటిని పారెయ్యకుండా చెక్కపనికి విడిగా ఉంచేవాళ్ళం.

ఇక పట్టే పద్ధతి. మేస్త్రీ గారు నాకు మొదట నేర్పింది చేతికి కాదు, చెవికి. “అట్ల వత్తకు బిడ్డా, చెవి పెట్టి ఇను. మోటరు గొంతు దిగిందంటే నువ్వు వత్తినట్టు. దాని పని దాన్ని చెయ్యనియ్యి,” అనేవారు. కరెంటు గ్రైండర్‌లో బర్ గాలిలో తిరిగేటప్పుడు ఒక స్వరం ఉంటుంది. ఉక్కును తాకగానే ఆ స్వరం కొద్దిగా దిగాలి, అంతకు మించి దిగకూడదు. వేగం పడిపోతే కోత పోయి ఒరిపిడి మొదలవుతుంది, ఒరిపిడి నుంచి వేడి వస్తుంది, వేడితో అతుకు పోతుంది. ఇదంతా లెక్కలో కూడా తేలుతుంది. 12 మిల్లీమీటర్ల బర్ నిమిషానికి 25,000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషంలో దాదాపు 940 మీటర్ల దూరం నడుస్తుంది. అదే వేగంలో 3 మిల్లీమీటర్ల బర్ అంచు నడిచేది 235 మీటర్లే. అందుకే సన్న బర్లకు నిమిషానికి 50,000 చుట్లు దాటే పెన్సిల్ గ్రైండర్ కావలసి వచ్చేది. ఈ లెక్క నాకు ఆయన చెప్పలేదు, ఎప్పుడో తరవాత నేను కాగితం మీద వేసుకున్నాను. సన్న బర్‌ను ఏ గ్రైండర్‌కు పెట్టాలో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండో పాఠం దిక్కు. గ్రైండర్ వెనక నుంచి చూస్తే బర్ గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది. కింద ఉన్న ఉక్కుకు అది తాకే చోట పళ్ళు ఎడమకు పోతాయి గనుక, బర్ మొత్తంగా కుడివైపుకు దొర్లిపోవాలని చూస్తుంది. దాన్ని కుడి నుంచి ఎడమకు, అంటే దాని ఇష్టానికి ఎదురుగా, నిదానంగా లాగుకొస్తే చేతిలో ఉంటుంది. అది పోయే వైపుకే తోస్తే మీద ఎక్కి పరుగు తీసి, డై మీద పొడుగాటి గీత పడుతుంది. మూడోది మూల. మూల వంపు కంటే పెద్ద బర్‌ను అందులో పెడితే రెండు గోడలనూ ఒకేసారి తాకి గడగడలాడుతుంది. మూల వంపు కంటే ఎప్పుడూ చిన్నదే వాడాలి, ఒక్కచోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. తల చుట్టుకొలతలో మూడో వంతు కంటే ఎక్కువ లోహంలో మునగకూడదన్నది అందరూ ఒప్పుకున్న హద్దు.

డైలో మరో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది పార్టింగ్ లైను. డై రెండు ముక్కలూ కలిసే అంచు కత్తిలా ఉండాలి. అక్కడ బర్ ఒక్కసారి తగిలి అంచు గుండ్రబడితే, ఆ సందులోకి ప్లాస్టిక్ చేరి ప్రతి వస్తువుకూ రెక్క వస్తుంది. అంచుకు రెండు మిల్లీమీటర్ల ఇవతలే బర్ ఆపి, మిగతాది చేతిరాయితో తీసేవాళ్ళం. రెండోది డ్రాఫ్టు. గుంట గోడ లోపలికి పోయేకొద్దీ ఒక డిగ్రీ అయినా ఇరుకు కావాలి, లేకపోతే వస్తువు బయటికి రాదు. గోడ నడుమ బర్ కాస్త ఎక్కువ తిని లోపలికి గుల్ల పడితే, కంటికి కనపడదు గాని వస్తువు అక్కడ పట్టుకుంటుంది. దాన్ని చూడడానికి గుంటలో మైనం లాంటి ప్లాస్టిసిన్ నొక్కి బయటికి లాగేవాళ్ళం; సాగి వచ్చిందంటే గుల్ల ఉన్నట్టు. వంపు ఒకే తీరుగా ఉందా లేదా అన్నది మాత్రం కన్ను కంటే వేలే బాగా చెప్పేది. మేస్త్రీ గారు డై మీద పలుచటి కాగితం పరచి, దాని మీదుగా వేళ్ళు జరిపేవారు. కాగితం అడ్డుంటే గరుకుదనం తెలియకుండా ఎత్తుపల్లాలు మాత్రమే తెలుస్తాయి. తరవాత దీపాన్ని బల్ల అంచున కిందికి దించి, పక్కవాటు వెలుగులో మళ్ళీ చూసేవారు.

బర్ ముగింపు పనిముట్టు కాదని కూడా ఇక్కడ చెప్పాలి. ఈ మధ్య చాలామంది బర్‌తోనే నునుపు తెస్తామని కూర్చుంటున్నారు. అది కాలం వృథా. బర్ రూపం తెస్తుంది, అంతే. దాని తరవాత 150, 220, 320, 400, 600 నంబర్ల రాళ్ళు ఒకదాని తరవాత ఒకటి, ప్రతిసారీ ముందటి గీతలకు అడ్డంగా. అద్దపు మెరుపు కావలసిన చోట చివరికి వజ్రపు పేస్టు. రాళ్ళ దగ్గర గంటలు ఆదా కావాలంటే బర్ దగ్గర నిదానం కావాలి.

గాలి గ్రైండర్ తెచ్చిన సుఖాలు, కష్టాలు వేరుగా చెప్పుకోవాలి. అది చిన్నది, వేడెక్కదు, కరెంటు షాకు భయం లేదు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో దాని వెనక నుంచి వచ్చే చల్లగాలి మణికట్టుకు తగులుతుంటే ప్రాణం లేచివచ్చేది. డిసెంబరులో అదే గాలి వేళ్ళను కొంకర్లు పోయేలా చేసేది. 90 పీఎస్ఐ ఒత్తిడితో గాలిని అది ఆవురావురుమని తాగుతుంది. మా కంప్రెసరు ఒక్క గ్రైండర్‌కే చాలీచాలకుండా ఉండేది. ఇద్దరు మీట నొక్కితే ఇద్దరి స్వరమూ దిగిపోయేది. గాలిలో కలిపే నూనె పొగమంచులా బయటికి వచ్చి, సాయంత్రానికి చొక్కా చేతులన్నీ ఆ వాసనే వేసేవి.

రజను సంగతి ఇంట్లోవాళ్ళను అడగాలి. డబుల్ కట్ బర్ నుంచి వచ్చేది పొడి అని పేరేగాని, భూతద్దంలో చూస్తే ప్రతిదీ సూదే. అవి అరచేతిలో, మేజోళ్ళలో, చొక్కా మడతల్లో దాక్కుని ఇంటికి వచ్చేవి. బట్టలు విడిగా దులపకుండా లోపలికి వస్తే గడప దగ్గరే ఆపేసేవారు. బల్ల దగ్గర మా అందరి దగ్గరా ఒక సూదీ, ఒక భూతద్దమూ ఉండేవి. మధ్యాహ్నం భోజనాల తరవాత ఒకరి చేతిలోవి ఒకరు తీసుకోవడం నిత్యకృత్యం. కళ్ళద్దాలు లేకుండా మీట నొక్కనిచ్చేవారు కాదు, ఆ ఒక్క విషయంలో మేస్త్రీ గారికి కోపం వచ్చేది. నూలు చేతితొడుగులకు కూడా ఆయన ఒప్పుకునేవారు కాదు, వదులు నూలును బర్ పట్టిందంటే వేలు దానితో పోతుంది కాబట్టి.

కంపనం వల్ల వచ్చే బాధ మాత్రం అప్పట్లో మాలో ఎవరూ జబ్బుగా లెక్కపెట్టలేదు. దశాబ్దాల తరబడి పట్టిన పెద్దవాళ్ళకు చలి ఉదయాన వేళ్ళ కొసలు తెల్లబడి మొద్దుబారేవి. రెండు చేతులూ రుద్దుకుని టీ గ్లాసు పట్టుకునేవారు. 1918లోనే అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే కార్మికుల వేళ్ళు ఇలాగే తెల్లబడుతున్నాయని ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు పరీక్షించి రాసిందని తరవాత చదివాను. గంటకోసారి చెయ్యి మార్చి, పిడిని బిగించి కాకుండా వదులుగా పట్టుకోమని మేస్త్రీ గారు చెప్పడం కోత బాగుండడం కోసమే అనుకునేవాణ్ణి. ఇక చెవులు: దూది పెట్టుకునేవాళ్ళం, అది ఎంతమాత్రం చాలదు. నాకు ఇవాళ పిచ్చుకల కిచకిచ సగమే వినిపిస్తుంది. దంతవైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ చిన్న గాలి టర్బైను స్వరం పోల్చుకోగలను. 1957లో వచ్చిన ఎయిరోటర్ నాటి నుంచి అవి నిమిషానికి మూడు లక్షల చుట్లకు అటూఇటూగా తిరుగుతున్నాయి, వాటి కొసన తరచు ఉండేదీ కార్బైడ్ బర్రే.

చెక్క దగ్గరికి వస్తే, నమూనాలు చేసే ఆయన మా షాపులో ఒక మూల వేరే బల్ల మీద పనిచేసేవారు. వడ్రంగం నుంచి వచ్చినాయన; మొదట్లో గ్రైండర్‌ను తన బల్ల మీద పెట్టనిచ్చేవారు కాదు. ఆయన పట్టుదలకు కారణం లేకపోలేదు. సన్న పళ్ళ బర్‌ను చెక్క మీద పెడితే పళ్ళు పొట్టుతో పూడి, కోయడం మాని కాల్చుతుంది; టేకు మీద నల్లటి మరక పడి, నూనె కాలిన వాసన వస్తుంది. అల్యూమినియం కోసం వచ్చే వెడల్పు కాలువల బర్‌ను పెట్టి చూపించాక గాని ఆయన మెత్తబడలేదు. మెత్తబడ్డాక మా కంటే ఎక్కువగా వాడింది ఆయనే. టేకులో సిలికా ఉంటుంది. అది ఉలి పదునునూ చిత్రిక అలుగు పదునునూ తినేస్తుంది. ఆయన రోజుకు ఎన్నిసార్లు సానరాయి దగ్గరికి లేచేవారో చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను, కార్బైడ్ ఆ సిలికాను లెక్కచెయ్యదు. పైగా చెక్క నార పోగుకు ఎదురు వెళ్ళినప్పుడు ఉలి పెచ్చు లేపుతుంది, బర్ లేపదు. టెలిఫోను పిడి వంటి చోట, పోగు దిక్కు ప్రతి అంగుళానికీ మారేచోట, ఆ తేడా పెద్దది.

అలాగని ప్రతి చెక్కకూ బర్ తగదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి లాంటి మెత్తటి చెక్క మీద బర్ పెడితే పోగు పీచులా లేచి అసహ్యంగా తయారవుతుంది. దానికి బాడిస, చాకు, ఆకురాయి ఉన్నాయి, అవే సరి. గట్టి చెక్కలకే బర్. గట్టి చెక్క పొడి మంచిది కాదు. రోజ్‌వుడ్ పట్టిన రోజు ఆయన తుమ్ములు షెడ్డంతా వినిపించేవి. ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడమే అప్పటి రక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఇంట్లో సరదాకు చెక్క చెక్కేవారు ఎవరైనా నన్ను అడిగితే, బర్ కంటే ముందు మంచి మాస్కు కొనమంటాను.

నమూనా కొలతల్లో ఒక ముచ్చట ఉండేది. పోతపనికి వెళ్ళే నమూనాలైతే ఆయన మామూలు స్కేలు పట్టేవారు కాదు, కుంచింపు స్కేలు పట్టేవారు. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, అల్యూమినియం సుమారు 13 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. ఆ మేరకు గీతలు ముందే సాగదీసిన స్కేలు అది. బర్‌తో ఎంత సున్నితంగా తీసినా ఆయన చివరికి ఆ స్కేలు పెట్టి చూసి, పెదవి విరిచి, గాజుకాగితం అందుకునేవారు.

సాయంత్రాలు మా షాపుకు వేరే రకం పని వచ్చేది, దొడ్డిదారిన. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 అప్పటి కుర్రాళ్ళకు ఏమైందో చెప్పనక్కరలేదు. 98 సీసీ బండి, దాన్ని ఇంకా వేగంగా పోనివ్వాలన్న తహతహతో సిలిండర్ బారెల్‌ను సంచిలో వేసుకుని వచ్చి, పోర్టు తీయమనేవారు, అంటే సిలిండర్ గోడలోని కిటికీలను కోసి పెంచమనేవారు. టూ స్ట్రోక్ బండిలో సిలిండర్ గోడ కిటికీలే కవాటాలు. ఎగ్జాస్టు కిటికీ పై అంచును ఒక్క మిల్లీమీటరు లేపితే బండి పై వేగంలో పరుగెత్తుతుంది, కింది వేగంలో లాగుడు పోతుంది. ట్రాఫిక్‌లో నడపాల్సిన బండికి అది నష్టమేనని చెప్పినా వినేవారు కాదు. కిటికీని వెడల్పు చెయ్యమంటే మాత్రం మేస్త్రీ గారు ఒప్పుకునేవారు కాదు: వెడల్పు మితిమీరితే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బి, అంచుకు తగులుకుని విరుగుతుంది. కోసిన ప్రతి అంచునూ సన్నటి బర్‌తో, తరవాత రాయితో గుండ్రంగా చేసి ఇవ్వాలి. ఆ పనికి డబ్బు తీసుకునేవారో లేదో నాకు తెలియనిచ్చేవారు కాదు. టీ, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం మా అందరికీ వచ్చేవి.

మా పనిని ముందుగా తగ్గించింది కంప్యూటరు కాదు, స్పార్క్ ఎరోషన్. లోహాన్ని విద్యుత్ నిప్పురవ్వలతో తొలిచే ఈ పద్ధతిని 1943లో సోవియట్ దేశంలో లజరెంకో దంపతులు రూపొందించారు. మా బాలానగర్ షెడ్లలోకి అది 1980లలో నిదానంగా చేరింది. కావలసిన రూపానికి ఎదురు రూపంలో రాగి ఎలక్ట్రోడు చేసి, కిరసనాయిలు లాంటి నూనెలో ముంచి, రవ్వలతో ఉక్కును తినిపిస్తే, గట్టిపరచిన ఉక్కులో కూడా పదునైన మూల వస్తుంది. చేతితో ఎవరం తీయలేని మూల అది. అయితే ఆ రాగి ఎలక్ట్రోడును నునుపు చేసేది మళ్ళీ మేమే, రవ్వలు తిన్న ఉక్కు మీద కరిగి గట్టిపడిన పలుచటి పొరను రాళ్ళతో తీసేదీ మేమే. కాబట్టి పని మారింది గాని పోలేదు. 1990ల తరవాత కంప్యూటరు మిల్లింగ్ చవకై, గుండుముక్కు కట్టర్లు అర మిల్లీమీటరు కంటే తక్కువ ఎడంతో పక్కపక్కన నడవడం మొదలయ్యాక, చాళ్ళ గట్లు కంటికి ఆనకుండా పోయాయి. అప్పుడు కాపీ మిల్లింగ్ పోయింది, చెక్క నమూనా పోయింది, ఫిట్టర్ల బల్ల పొట్టిదైంది. దీని గురించి నాకు బెంగ లేదు. పదిరోజుల పని రెండు రోజుల్లో అయ్యే దారి దొరికితే మా మేస్త్రీ గారే ముందు దాన్ని పట్టుకునేవారు. ఆయన ఆకురాయిని విడిచి బర్‌ను పట్టుకున్నది ఆ బుద్ధితోనే.

నాకు తెలిసిన డై షాపుల్లో బర్ పూర్తిగా తన చేతిలో ఉంచుకున్న పని ఒకటి ఉంది: పగుళ్ళ మరమ్మతు. కరిగిన అల్యూమినియంను ఒత్తిడితో లోపలికి తోసి పోతపోసే ప్రెజర్ డై కాస్టింగు డైలను హెచ్ 13 ఉక్కుతో చేసి, దాదాపు 44 నుంచి 50 రాక్‌వెల్ సీ (ఉక్కు గట్టిదనపు కొలమానం) వరకు గట్టిపరుస్తారు. ఆకురాయి దాన్ని కష్టం మీద గాని కొయ్యదు. దానిలోకి ప్రతి పోతలోనూ 660 డిగ్రీలకు పైబడిన కరిగిన లోహం దూసుకొస్తుంది, వెంటనే వస్తువు అంటుకోకుండా నీళ్ళు కలిపిన మందు దాని మీద చిమ్ముతారు. వేడికీ చల్లదనానికీ మధ్య వేలసార్లు నలిగిన ఉపరితలం మీద సన్నటి పగుళ్ళ వల లేస్తుంది. పోత వస్తువు మీద అది గీతలుగా అచ్చుపడుతుంది. అటువంటి డైని మళ్ళీ మెషీను మీద ఎక్కించి లాభం లేదు, ఎందుకంటే ఏ పగులు ఎటు పోతుందో ప్రోగ్రాము రాసేవాడికి తెలియదు. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగులు ఎర్రగీతగా పైకి వస్తుంది. దాన్ని వెంబడిస్తూ 6 మిల్లీమీటర్ల మంట ఆకారపు బర్‌తో, అడుగు గుండ్రంగా ఉండేలా కాలువ తీయాలి. మళ్ళీ రంగు పూసి చూడాలి. చివర ఎర్ర చుక్క కనిపించినంతసేపూ తియ్యడం ఆపకూడదు. ఆ తరవాత డైని 300 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, టిగ్ వెల్డింగుతో కాలువ నింపి, దుప్పట్లు కప్పి నిదానంగా చల్లారనిస్తారు. పైకి ఉబ్బిన వెల్డింగును చుట్టూ ఉన్న పాత వంపులో కలపడం మళ్ళీ చేతి పనే: ముందు 12 మిల్లీమీటర్ల కోడిగుడ్డు బర్, దగ్గరపడ్డాక 6 మిల్లీమీటర్లది, చివరి పావు మిల్లీమీటరు ఎప్పటిలాగే రాయికి.